రైట్... రైట్! – ఈ సంచికలో దివిసీమ దారి

(బస్సులు, రేవులు, ఊళ్లు, దార్ల గురించి పాఠకులు అడిగినవాటికి ఒక రిటైర్డ్ ఆర్టీసీ కండక్టరు జవాబులు)

పోయిన సంచికలో మాటవరసకి మాది దివిసీమ అన్నాను. అంతే, అందరూ దాని మీదే పడ్డారు. కాబట్టి ఈసారి తిరుపతి లేదు, అరకు లేదు. మా ఊరి సంగతులే.

ప్రశ్న: కండక్టరు గారూ, నేనూ మా వారూ ఉద్యోగాల్లో ఉన్నాం. పోయినసారి సూర్యలంక వెళ్తే స్పీకర్లు, బండ్లు, జనం తప్ప సముద్రం కనబడలేదు. ఈసారి నిశ్శబ్దంగా ఉండే తీరం కావాలి. 1977 ఉప్పెన వచ్చిన దివిసీమ గురించి మా నాన్నగారు చెప్పేవారు. ఆ ఊళ్లు చూడాలని ఉంది. ఎలా వెళ్లాలి, ఎక్కడ ఉండాలి, రెండు రోజులు సరిపోతాయా?
– ఒక పాఠకురాలు, హనుమకొండ

జవాబు: రెండు రోజులు సరిపోతాయమ్మా. కానీ బయల్దేరేముందు ఒక సంగతి తెలుసుకోండి. ఉప్పెన వచ్చిన చోటు చూద్దామని వస్తే మీకు అక్కడ ఏమీ కనబడదు. ధనుష్కోటిలో 1964 తుపాను తర్వాత కూలిన చర్చి గోడలు మిగిలాయి, జనం వెళ్లి ఫొటోలు దిగుతారు. దివిలో మిగలడానికి అప్పుడు గోడలేవి? తీరం వెంబడి ఊళ్లన్నీ మట్టి గోడలు, తాటాకు కప్పులు. నీళ్లు వచ్చి మొత్తం ఊడ్చుకుపోయాయి. ఉప్పెన ఆనవాలు ఏమైనా ఉందంటే అది తర్వాత కట్టినవాటిలో ఉంది. వరుసగా ఒకే కొలతల్లో కట్టిన కాలనీ ఇళ్లు, స్తంభాల మీద ఎత్తుగా నిలబడ్డ తుపాను షెల్టర్లు, తీరం పొడుగునా మడ అడవి. ఇవి చూడ్డం తెలిస్తే దివి మొత్తం అర్థమవుతుంది.

ఇక దారి. పులిగడ్డ దగ్గర కృష్ణ రెండు పాయలవుతుంది. ఆ రెండు పాయలకీ సముద్రానికీ మధ్య ఉన్నదే దివి. రైలు లేదు. హైదరాబాదు నుంచి అవనిగడ్డకి రాత్రి బస్సులున్నాయి. లేదా విజయవాడ దాకా రైల్లో వచ్చి బస్సు ఎక్కండి. ఉయ్యూరు, పామర్రు, కూచిపూడి, చల్లపల్లి, మోపిదేవి మీదుగా డెబ్బై కిలోమీటర్ల పైచిలుకు. సొంత కారైతే తోట్లవల్లూరు, శ్రీకాకుళం మీదుగా కరకట్ట పట్టుకుని రండి. (ఇది కృష్ణా జిల్లా శ్రీకాకుళం, ఆంధ్ర మహావిష్ణువు గుడి ఉన్నది. ఫోన్లో దారి పెట్టుకుని ఉత్తరాంధ్ర శ్రీకాకుళానికి తిరగబోయిన వాళ్లని చూశాను.) కరకట్ట మీద ఒకపక్క ఏరు, ఒకపక్క అరటి, పసుపు, చెరకు. లారీ ఎదురైతే మాత్రం ఇబ్బందే.

ఇంకో దారి రేపల్లె దాకా రైలు. అక్కడి నుంచి పెనుమూడి–పులిగడ్డ వారధి దాటితే దివిలోకి వచ్చేసినట్టే. ఆ వారధి లేనప్పుడు పెనుమూడి రేవులో పడవ కోసం ఎండలో నిలబడేవాళ్లం. ఇప్పుడు కారు అద్దం కూడా దించకుండా దాటేస్తున్నారు. మీరు మాత్రం అద్దం దించండి. పులిగడ్డ అక్విడక్టు దగ్గర ఆగండి కూడా. బ్రిటిష్ కాలం నాటి కట్టడం. కింద నది, నది మీదుగా కాలువ. దివి తాగేదీ, పండించేదీ ఆ నీళ్లతోనే.

టికెట్ విషయం. ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15 నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకి ఉచితం. కానీ ఆంధ్రప్రదేశ్ చిరునామా ఉన్న గుర్తింపు కార్డు కావాలి. మీది తెలంగాణ ఆధార్ కాబట్టి చిల్లర పట్టుకుని ఎక్కండి, కండక్టరుతో వాదన పెట్టుకోకండి. ఆ బాధ నాకు తెలుసు.

బస అవనిగడ్డలోనే. సముద్రం పక్కన రిసార్టు ఊహించుకోకండి. అవనిగడ్డలో లాడ్జీలున్నాయి, కానీ ఒక మెలిక ఉంది. రాష్ట్రం నలుమూలల నుంచీ పిల్లలు టీచరు ఉద్యోగాల కోచింగుకి ఇక్కడికే వస్తారు. డీఎస్సీ నోటిఫికేషన్ పడిందంటే గది కాదు కదా, మంచం కూడా దొరకదు. పేపర్లో డీఎస్సీ వార్త చూసి, ఆ తర్వాత టూరు తేదీ వేసుకోండి. నవ్వులాటకి చెప్పట్లేదు. వాళ్ల టెన్షన్‌లో వాళ్లుంటారు. సాయంత్రం టీ కొట్టు దగ్గర నిలబడితే చుట్టూ బిట్లు, బిట్లు. ఏ సముద్రానికి ఎంత దూరంలో ఉన్నామో వాళ్లలో సగం మందికి పట్టదు.

మొదటి రోజు పొద్దున్నే హంసలదీవి. కోడూరు మీదుగా పాతిక కిలోమీటర్ల దాకా ఉంటుంది. వేణుగోపాలస్వామి గుడి చూసుకోండి. పాపాలు మోసి నల్లబడి కాకైన గంగమ్మ ఈ సంగమంలో మునిగి హంసగా మారిందని స్థలపురాణం. గుడి తర్వాత పాలకాయతిప్ప. అక్కడ అటవీశాఖ గేటు దాటి తీరం వెంబడి పోతే సాగర సంగమం. ఇది కృష్ణా అభయారణ్యంలో భాగం, చీకటి పడేలోపు బయటికి వచ్చేయాలి. కొట్లు ఉంటాయనుకోకండి, నీళ్లు మీవే, తిండి మీదే, చెత్త కూడా మీరే వెనక్కి తెచ్చుకోవాలి. మాఘ పౌర్ణమికి మాత్రం రాకండి. ఆ రోజు ట్రాక్టర్ల మీద ట్రాక్టర్లు, పుణ్యస్నానాల జనం. అది వేరే అందం, మీరు అడిగింది అది కాదు.

దారిలో కోడూరు దాటాక ఒక తుపాను షెల్టరు దగ్గర దిగి నిలబడండి. కింద ఖాళీ, స్తంభాలు, పైన గదులు, బయటి నుంచే మెట్లు. కింద ఖాళీ వదిలింది అందానికి కాదు, నీళ్లు వస్తే ఆ సందుల్లోంచి పోవాలని. మామూలు రోజుల్లో ఆ నీడలో వలలు బాగుచేసుకుంటారు, వడ్లు పోసుకుంటారు, గేదెల్ని కడతారు. నేను చూసిన ఒకదాంట్లో మెట్ల పక్క గోడ మీద బొగ్గుతో పిల్లలు క్రికెట్ స్కోర్లు రాసుకున్నారు. షెల్టరు వాడకంలో ఉందంటే తాళంచెవి ఎవరి దగ్గరుందో ఊళ్లో అందరికీ తెలుసని లెక్క. తాళం తుప్పు పట్టి ఉంటే నాకు భయమేస్తుంది.

రెండో రోజు నాగాయలంక. ఏటి ఒడ్డున శ్రీరామ పాద క్షేత్రం ఘాటు ఉంది. అక్కడి నుంచి ఏటిమొగ వెళ్లి పంటు (మనుషుల్నీ బండ్లనీ ఏరు దాటించే బల్లకట్టు) ఎక్కితే ఎదురుమొండి దీవి. మోటారు సైకిళ్లు, గడ్డిమోపులు, పెళ్లివాళ్లు, గర్భిణులు, అందరూ ఆ పంటు మీదే. ఇక్కడ వంతెన మాట చిన్నప్పటి నుంచీ వింటున్నాను. మీకు అది సరదా ప్రయాణం, వాళ్లకి రోజూ ఆస్పత్రికీ కాలేజీకీ దారి. అందుకని పంటు మధ్యలో నిలబడి సెల్ఫీలతో దారి ఆపకండి.

డిసెంబరు నుంచి ఫిబ్రవరి మంచి కాలం. మిగతావి, అంటే మోపిదేవి సుబ్రహ్మణ్యస్వామి, ఘంటసాల బౌద్ధ స్తూపం, తిరుగు ప్రయాణంలో దారిలోనే తగులుతాయి.

ప్రశ్న: సార్, మా నాన్నగారికి డెబ్బై దాటాయి. 1977లో గుంటూరులో కాలేజీలో చదువుతూ సహాయ శిబిరానికి వచ్చారట. శవాలు మోశామని తప్ప ఇంకేమీ చెప్పరు. ఊరి పేరు కూడా సరిగ్గా గుర్తులేదు. ఈ సంక్రాంతికి ఇండియా వస్తున్నాం, ఒకసారి అక్కడికి తీసుకెళ్లమని ఆయనే అడిగారు. ఆ ఊరు దొరుకుతుందా?
– న్యూజెర్సీ నుంచి ఒక పాఠకుడు

జవాబు: దొరుకుతుంది బాబూ, అయితే ఆయన గుర్తుపట్టకపోవచ్చు. కొన్ని ఊళ్ల పేర్లే మారాయి. మూలపాలెం స్వయంసేవకులు కట్టించాక దీనదయాళ్‌పురం అయింది. రామకృష్ణా మిషన్ ఇళ్లు కట్టించింది, ఇంకా ఎన్నో సంస్థలు, చర్చిలు, విదేశాల వాళ్లు తలా ఒక ఊరు తీసుకున్నారు. ఆ తొలి కాలనీ ఇళ్లు కూడా ఉప్పుగాలికి చువ్వలు తుప్పుపట్టి, పెచ్చులూడి, చాలా చోట్ల కొత్తవి లేచాయి. చుట్టూ పొలాలు ఉండాల్సిన చోట రొయ్యల చెరువులు కనబడతాయి. ఆయన కళ్లలో ఉన్నది బురద, పడిపోయిన తాటిచెట్లు. ఇప్పుడు కనబడేది వనామీ చెరువులు, తిరిగే ఏరేటర్లు, చెరువు గట్టు మీద మోటారు షెడ్డు.

నా సలహా ఇది. ఊరి పేరు కోసం వెతకడం మానేసి ఆయన్ని మాటల్లో పెట్టండి. ఏ దారిన వచ్చారు? రేపల్లె వైపు నుంచి పడవ దాటారా, విజయవాడ నుంచి లారీలో వచ్చారా? రాత్రి ఎక్కడ పడుకున్నారు, బళ్లోనా, గుళ్లోనా? అవనిగడ్డలో మండలి వెంకట కృష్ణారావు గారిని చూశారా? మొదటి ప్రపంచ తెలుగు మహాసభలు 1975లో జరిపించిన మంత్రి ఆయనే, ఉప్పెన తర్వాత ఈ ఊళ్లని కంటికి రెప్పలా కాచుకున్నదీ ఆయనే. వీటిలో రెండింటికి జవాబు దొరికితే నాగాయలంకలోనో కోడూరులోనో ఏ టీ కొట్టు దగ్గరైనా మిగతాది వాళ్లే తేలుస్తారు.

"ఉప్పెనప్పుడు సాయం చేయడానికి వచ్చాను" అన్న ఒక్క మాట చాలు. భోజనం చేయకుండా కదలనివ్వరు, ముందే చెబుతున్నాను. ఆ సంవత్సరం ఎన్టీ రామారావు, అక్కినేని జోలె పట్టి తిరిగిన సంగతి దేశమంతా చెప్పుకుంది. కాలేజీ పిల్లలు ముక్కుకి గుడ్డ కట్టుకుని చేసిన పని గురించి చెప్పుకున్నది మాత్రం దివి వాళ్లే. మూడు వేల గడప ఉన్న పంచాయతీలో కూడా "తెనాలి నుంచి వచ్చిన పొడుగాయన", "గుడివాడ కాలేజీ వాళ్లు" అని గుర్తుంచుకున్న ముసలమ్మలున్నారు.

పెద్దాయన కాబట్టి మందులు నాలుగు రోజులకి సరిపడా దగ్గర పెట్టుకోండి, లోపలి ఊళ్లలో అన్నీ దొరకవు. మధ్యాహ్నం ఎండలో తీరానికి వద్దు. ఆయన ఎక్కడైనా కారు ఆపమంటే కారణం అడక్కుండా ఆపండి.

ప్రశ్న: తుపాను చీరాల దగ్గర తీరం దాటిందని పుస్తకంలో ఉంది. మరి జనం దివిసీమలో ఎందుకు ఎక్కువ చనిపోయారు? మా సోషల్ టీచర్‌ని అడిగితే నది వల్ల అన్నారు.
– తొమ్మిదో తరగతి విద్యార్థి, తెనాలి

జవాబు: మంచి ప్రశ్న నాన్నా. మీ మాస్టారు చెప్పింది కొంత నిజం. మిగతా కొంత నేను చెబుతాను. నాకు ఈ సంగతి తెలిసింది మా బస్సులో రోజూ బందరు వెళ్లే వాతావరణ శాఖ ఉద్యోగి ఒకాయన వల్ల. ముందు సీటు ఇచ్చి చెప్పించుకునేవాణ్ని.

మన వైపు తుపాను గాలి గడియారం ముల్లు తిరిగే దిక్కుకి ఎదురు తిరుగుతుంది. కాగితం మీద తీరం గీసి, చీరాల దగ్గర చుక్క పెట్టి, దాని చుట్టూ ఎడమకి తిరిగే బాణాలు గీసి చూడు. తుపాను సముద్రం మీంచి నేల వైపు వస్తోంది కదా. దాని కుడిచేతి వైపు బాణాలు సముద్రంలోంచి నేల మీదికి వస్తాయి. ఎడమచేతి వైపువి నేల మీంచి సముద్రంలోకి పోతాయి. బాపట్ల, నిజాంపట్నం, దివి అన్నీ ఆ కుడిచేతి వైపున పడ్డాయి. అంటే తుపాను కన్ను ఎక్కడ దాటిందన్నది ఒక లెక్క, నీళ్లని ఎటు తోసిందన్నది ఇంకో లెక్క.

రెండోది, ఇక్కడ తీరం దగ్గర సముద్రం లోతు తక్కువ. లోతుంటే గాలి తోసిన నీరు కిందికి సర్దుకుంటుంది. లోతు లేనప్పుడు పళ్లెంలో నీళ్లని ఊదినట్టు అంచు మీదికి ఎక్కుతుంది. మూడోది, డెల్టా నేల. ఎక్కిన నీటికి అడ్డం లేదు, గుట్ట లేదు. మీ మాస్టారు చెప్పిన నది నాలుగోది. ఏటి నోళ్లలోంచి, మొగల్లోంచి నీరు లోపలికి దూసుకొచ్చింది.

1977 నవంబరు 19, శనివారం సాయంత్రం. ఐదు మీటర్ల ఎత్తున నీరు లేచి పది కిలోమీటర్లకి పైగా లోపలికి వచ్చింది. చనిపోయిన వాళ్లు పదివేల దాకా అన్నది సర్కారు లెక్క. ఇంకా ఎక్కువే అంటారు మా వాళ్లు. కోతలకి పొరుగూళ్ల నుంచి వచ్చిన కూలీల పేర్లు ఏ రిజిస్టర్లో ఉంటాయి? కోతకొచ్చిన వరి పోయింది. పశువులు లక్షల్లో పోయాయి.

ఇది కూడా రాసుకో. 1990 మేలో మళ్లీ పెద్ద తుపాను మా కృష్ణా తీరం మీదికే వచ్చింది. అప్పటికి షెల్టర్లున్నాయి, ముందే లక్షల మందిని తరలించారు. చనిపోయిన వాళ్లు వెయ్యిలోపు. గాలి తగ్గలేదు, జనం ఎక్కడ ఉన్నారన్నదే మారింది. పరీక్షలో ఈ పాయింటుకి మార్కులు వేస్తారో లేదో నాకు తెలీదు.

ప్రశ్న: హాయ్ సార్. నాకు ట్రావెల్ ఛానల్ ఉంది. సొర్లగొంది, పాలకాయతిప్ప వెళ్లి ఉప్పెనలో బతికి బయటపడ్డ వాళ్లతో ఎమోషనల్ వీడియో చేద్దామనుకుంటున్నాను. అలాంటి పెద్దవాళ్ల నంబర్లు ఉంటే ఇస్తారా? డ్రోన్ షాట్స్‌కి పర్మిషన్ కావాలా?
– ఒక యువకుడు, విజయవాడ

జవాబు: డ్రోను ముందు. అది అభయారణ్యం. అటవీశాఖ రాతపూర్వక అనుమతి లేకుండా ఎగరేస్తే కెమెరా వాళ్ల దగ్గరే ఉండిపోతుంది.

నంబర్లు ఇవ్వను. ఎందుకో చెబుతాను, కోపం తెచ్చుకోకు.

ఆ రోజు నేను ఏడో తరగతి, చల్లపల్లిలో హాస్టల్లో ఉన్నాను. గాలికి రేకులు లేచిపోవడం చూశాను తప్ప ఉప్పెన చూడలేదు. మా చిన్నాన్న వాళ్లది సముద్రం పక్క ఊరు. వాళ్లింట్లో మిగిలింది ఒక్కడే, నాకు తమ్ముడు వరస. తాటిచెట్టు పట్టుకుని తెల్లారేదాకా ఉన్నాడు. ఇది కూడా వాడు చెప్పింది కాదు, వాణ్ని దించినవాళ్లు చెప్పింది. మేమిద్దరం ఒకే ఇంట్లో పెరిగాం, ఒకే కంచంలో తిన్నాం, వాడి పెళ్లి నేనే చేశాను. ఆ రాత్రి గురించి వాడు నాతో ఒక్క ముక్క మాట్లాడలేదు, నేను అడగలేదు. నువ్వు మైకు పట్టుకెళ్లి అరగంటలో అడుగుతానంటున్నావు.

కండక్టరుగా ఇంకో సంగతి చూశాను. బస్సులో అరవై దాటిన వాళ్లకి 25 శాతం రాయితీ ఉండేది కదా, వయసు అడగాలి. మా రూటు ముసలమ్మల ఆధార్ కార్డుల్లో అందరూ జనవరి ఒకటినే పుట్టారు. కొందరు కార్డే తెచ్చేవారు కాదు. "నీకెన్నేళ్లు మామ్మా?" అంటే ఏళ్లు చెప్పరు. "ఉప్పెనకి నా పెళ్లయి ఏడాది", "ఉప్పెనప్పుడు మా పెద్దాడు కడుపులో ఉన్నాడు" అంటారు. నేను లెక్కేసుకుని టికెట్ కొట్టేవాణ్ని. ఒకావిడ ఎండుచేపల గంపతో ఎక్కేది. మొదటిసారి అడిగితే "ఉప్పెనకి నాకిద్దరు పిల్లలు" అంది. ఉప్పెన తర్వాత ఎంతమంది అని నేనూ అడగలేదు, ఆవిడా చెప్పలేదు. ఆ తర్వాత ఎప్పుడు ఎక్కినా వయసు అడక్కుండానే రాయితీ టికెట్ ఇచ్చేశాను. చెకింగ్ వాళ్లు పట్టుకుంటే చూసుకుందామనుకున్నాను.

నిజంగా వినాలని ఉంటే కెమెరా లేకుండా వెళ్లు. రొయ్య కౌంటు ఎంత పలుకుతోందో అడుగు, చెరువు లీజుల గురించి అడుగు, పంటు టైమింగుల గురించి అడుగు. వాళ్లకి చెప్పాలనిపిస్తే వాళ్లే చెబుతారు. నవంబరు 19న ఉప్పెన స్మారక స్తూపాల దగ్గర నివాళులు పెడతారు. ఆ రోజు ఒక మూల నిలబడితే నీ అంతట నువ్వు అడగక్కర్లేకుండానే వాళ్ల మాటలు వినబడతాయి. వీడియో చేయాల్సినవి వేరే ఉన్నాయి. ఏ ఊరి షెల్టరు తాళం తుప్పు పట్టింది, ఏ షెల్టరుకి దారి చెరువులు తవ్వి మూసేశారు, మడ అడవి ఎక్కడ నరికారు. అవి తీస్తే లైకులు తక్కువ రావచ్చు, నేను మాత్రం షేర్ చేస్తాను.

ప్రశ్న: దివిసీమ వెళ్దామని సెలవు పెట్టాక టీవీలో "మచిలీపట్నంలో మూడో నంబరు ప్రమాద హెచ్చరిక" అని స్క్రోలింగ్ వచ్చింది. భయపడి మానుకున్నాం. మానుకోవాల్సిందేనా?
– ఒక కుటుంబం, ఖమ్మం

జవాబు: మంచి పనే చేశారు, అయితే భయపడి కాదు, తెలిసి మానుకోవాలి. ఓడరేవులో ఎగరేసే నంబర్లు 1 నుంచి 11 దాకా. 1, 2 అంటే దూరంగా సముద్రంలో ఏదో పుట్టింది. 3, 4 అంటే రేవు దగ్గర కూడా వాతావరణం చెడబోతోంది. 5 నుంచి 7 ప్రమాదం, 8 నుంచి 10 మహా ప్రమాదం. 11 వచ్చిందంటే హెచ్చరిక కేంద్రంతో సంబంధాలే తెగిపోయాయని. నిజానికి ఇవి ఓడల కోసం పెట్టినవి. కానీ మా వైపు పొలం పోయే ముసలాయన కూడా "ఎన్నో నంబరు?" అని అడుగుతాడు.

ఒకటో నంబరుకి టూరు మానక్కర్లేదు, రోజూ కబురు చూసుకుంటూ ఉండండి. మూడు పడితే పంటులు, పడవలు ఆపేస్తారు, తీరానికి వెళ్లనివ్వరు. ఇంకేం చూస్తారు? 2023 డిసెంబరు 5న మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గర దాటినప్పుడు ఇక్కడ ప్రాణనష్టం పెద్దగా లేదు గానీ వరి పనలు నీళ్లలో తేలాయి. అలాంటప్పుడు ఊళ్లోకి టూరిస్టు కారు వస్తే ఎవరికీ బాగోదు. బందరులో డాప్లర్ రాడార్ ఉంది, ఇప్పుడు కబురు రోజుల ముందే తెలుస్తుంది. అక్టోబరు, నవంబరు, మే నెలల్లో టికెట్లు రద్దు చేసుకోగలిగేవి మాత్రమే కొనండి.

ప్రశ్న: పాలకాయతిప్పలో స్నానం చేయొచ్చా? పిల్లలకి ఈత వచ్చు.
– ఒక పాఠకుడు, ఏలూరు

జవాబు: మోకాలి లోతు దాటొద్దు. సంగమం దగ్గర అయితే అసలొద్దు. ఏటి లాగుడు ఒకవైపు, అల ఒకవైపు, కాలికింద ఇసుక జారిపోతుంది. స్విమ్మింగ్‌పూల్ ఈత అక్కడ పనికిరాదు. మెరైన్ పోలీస్ స్టేషన్ అక్కడే ఉంది, వాళ్లు కేకేస్తే వెనక్కి వచ్చేయండి. విసుక్కోకండి, కొట్టుకుపోయే పిల్లల్ని పట్టుకొచ్చేది వాళ్లే.

మడ చెట్ల దగ్గర తిల్ల అనే చెట్టు ఉంటుంది. కొమ్మ విరిస్తే పాలు కారతాయి, అవి కంట్లో పడితే కన్ను పోయే ప్రమాదం ఉంది. పిల్లలకి ముందే చెప్పి ఉంచండి. జనవరి నుంచి మార్చి దాకా ఇసుకలో ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెడతాయి. అటవీశాఖ వాళ్లు గుడ్లు ఏరి కంచెలో పెట్టి పొదిగిస్తారు. పిల్లల్ని సముద్రంలోకి వదిలే రోజు తెలుసుకుని వస్తే మీ పిల్లలు జన్మలో మర్చిపోరు. ఫ్లాష్ మాత్రం కొట్టకండి.

ప్రశ్న: ఎప్పుడూ దివి, దివి అంటారు. మా బందరు ఏం పాపం చేసింది? మాకు రాలేదా ఉప్పెన?
– ఒక బందరు వాస్తవ్యుడు

జవాబు: వచ్చింది బాబాయ్, మాకంటే పెద్దదే. 1864 నవంబరు 1 రాత్రి వచ్చిన ఉప్పెనలో బందరులో ముప్పై వేల మంది పోయారని రికార్డులున్నాయి. అంత పేరున్న రేవు ఆ దెబ్బ నుంచి తేరుకోలేకపోయింది. డచ్చివాళ్ల సమాధులు, బందరుకోట, మంగినపూడి నల్లమట్టి తీరం, వీటికి ఒక సంచిక మొత్తం ఇస్తాను. ఈలోగా లడ్డూ పంపిస్తే పని తొందరగా అవుతుంది.

ప్రశ్న: నాగాయలంక నుంచి పీతలు, చేపలు హైదరాబాదు తెచ్చుకోవచ్చా? బస్సులో ఒప్పుకుంటారా?
– ఒక భోజనప్రియుడు, కూకట్‌పల్లి

జవాబు: పండుగప్ప, చందువ, మాగ ఏదైనా పొద్దున్నే రేవులోనే కొనండి, మధ్యాహ్నానికి మంచివి వ్యాపారులు ఎత్తుకుపోతారు. పీత కొనేటప్పుడు చేత్తో బరువు చూడండి. సైజు పెద్దదై తేలిగ్గా ఉంటే లోపల నీళ్లే. కాళ్లు తాడుతో కట్టి ఇస్తారు, ఇంటికెళ్లేదాకా విప్పకండి. చేపలకి థర్మోకోల్ పెట్టె, నిండా ఐసు, పైన టేపు గట్టిగా. ఎండు నెత్తళ్లు, ఎండు రొయ్యలు మాత్రం రెండు కవర్లలో వేసి, ఆ కవర్లని డబ్బాలో పెట్టండి.

బస్సు సంగతంటారా, ఏసీ బస్సులో ఎక్కించుకోరు, ఎక్కించుకోకూడదు కూడా. మామూలు బస్సైతే కండక్టరు మొహం చూసి అడగండి. నేనైతే పెట్టె కారడం లేదని వంగి చూసుకుని, వెనక సీటు కింద పెట్టమని, లగేజీ టికెట్ కొట్టి రైట్ చెప్పేవాణ్ని.